సందుల దవాఖాన

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఇంట్లో విన్న మాట కంటే పుస్తకంలో చదివిన మాట బరువైనదనీ, బరువైన మాటతో అడిగితే రోగం కూడా కాస్త జంకి నిజం చెప్పేస్తుందనీ. ఈ నమ్మకం నాకు నర్సింగ్ స్కూల్లో అంటింది కాదు. గోదావరిఖని గ్రంథాలయంలో, ఫ్యాను కింద కుర్చీ ఎప్పుడూ ఖాళీ ఉండదు కనుక కిటికీ పక్కన కూర్చుని, పేజీల మీద పడ్డ బొగ్గుపొడిని ఊదుకుంటూ సొంతంగా సంపాదించుకున్నది. మా నాయన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఆయన షిఫ్టు నుంచి తెచ్చే పొడి కొంత, నేను లైబ్రరీ నుంచి తెచ్చే పొడి కొంత. మా అమ్మ ఇద్దర్నీ గుమ్మం బయటే నిలబెట్టి దులిపేది. ("ఒకలు భూమి లోపలికి పోయొస్తరు, ఇంకొకలు బుక్కుల లోపలికి పోయొస్తరు. నా ఇల్లు రెండు బాయిల నడుమ పడ్డది" అనేది.)

అప్పుడు నేను ఊళ్ళో ఒక ట్రస్టు వాళ్ళు నడిపే చిన్న దవాఖానలో నర్సును. ఇంజక్షన్ల గదిలో నా డ్యూటీ. వచ్చినవాళ్ళు నా మొహం చూడకుండా అటు తిరిగి నిలబడేవారు కనుక, నా చదువు చూపించుకునే అవకాశం ఆ గదిలో బొత్తిగా ఉండేది కాదు. అలాంటి సమయంలో గురువారం గురువారం హైదరాబాద్ నుంచి పొద్దుటి రైలుకు ఒక డాక్టరు మేడం రావడం మొదలైంది. కీళ్లవాతాల డాక్టరు. కేరళ మనిషి. ఇంగ్లీషు బాగా, హిందీ కొంచెం, తెలుగు "ఆగండి", "రండి" అనే రెండు మాటల వరకు వచ్చు. ఆమె పక్కన ఉండి, రోగుల మాట ఆమెకూ, ఆమె మాట రోగులకూ చెప్పే నర్సు కావాలంటే, అడిగిన మాట పూర్తికాకముందే నేను చెయ్యెత్తాను. లైబ్రరీలో అట్ట ఊడిపోయిన పాత వైద్య గ్రంథం ఒకటుంది, అందులో వాతాల అధ్యాయం మొత్తం నాకు నోటికొచ్చు మరి.

ఈ రోగుల దగ్గర నర్సు పని వేరుగా ఉంటుంది. కట్టు కట్టడానికి గాయం కనబడదు. పిడికిలి ఎంతవరకు మూస్తున్నారో, దువ్వెన పట్టుకోగలుగుతున్నారో లేదో చూడాలి. వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన గోలీని జల్ది తగ్గుతుందని రోజూ మింగకుండా కాపలా కాయాలి. నొప్పి తగ్గిన మరునాడే రక్తపరీక్షకు ముఖం చాటేసే వాళ్ళను బతిమాలి పట్టుకురావాలి. నాకు ఈ పని మొదటి గురువారమే నచ్చేసింది. నా బతుకంతా ఇదే చెయ్యాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను. (నిర్ణయాలు అప్పట్లో చాలా జల్ది అయ్యేవి నాకు.)

మా మొదటి పేషెంటు దవాఖాన గేటు పక్కన చాయ్ అమ్మే అవ్వ. ఆమె వేళ్ళన్నీ పక్కకు ఒరిగిపోయి, గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించి అందించేది. మేడం ఆ చేతుల్ని పట్టుకుని చూసి ఇంగ్లీషులో రోగం పేరు చెప్పింది. నేను గొంతు సవరించుకుని, "అవ్వా, మీకు ఉన్నది ఆమవాతం" అన్నాను.

అవ్వ వెనక్కి తిరిగి చూసింది. "ఎవలామె?"

"ఎవరూ కాదవ్వా. ఆమవాతం."

"అదే బిడ్డా, ఆమె వాతం నాకెందుకొచ్చింది? నేనెవల జోలికి పోలే. లేస్తె చాయ్, పొద్దుగూకితె ఇల్లు."

"ఆమవాతమంటే మీకొచ్చిన వాతమే."

"మరి నా వాతమనరాదు? ఆమెదామెదంటవేంది?"

అక్కడే నాకు బుద్ధి రావలసింది. రాలేదు. పైగా, పాపం అవ్వకు చదువు లేదని జాలిపడ్డాను. మందు మాత్రం చదువుతో పని లేకుండా పనిచేసింది. కొన్నాళ్ళకు ఒక గురువారం అవ్వ నన్ను గేటు దగ్గరికి పిలిచి, గ్లాసును అంచు దగ్గర వేళ్ళతో పట్టుకుని చూపించింది. "ఇగో సూడు" అంది. చాయ్ కొంచెం తొణికింది కానీ గ్లాసు పడలేదు. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "మేడం వస్తనే ఉంటది గదా బిడ్డా? నేనైతే పట్నం పోలేను. రైలు డబ్బా కడ్డీ పట్టుకునే చెయ్యే లేకపాయె నాకు." నేనుండగా నీకేం ఫికరవ్వా అన్నాను, మేడంను నేనే కేరళ నుంచి తెప్పించినట్టు.

కానీ అవ్వ తప్ప ఎవరూ రావడం లేదు. ఇల్లిల్లూ తిరిగి చెప్పి చూశాను. అందరిదీ ఒకటే మాట. "నొప్పులా? బాయిల దిగినోనికి నొప్పులు లేకుంటె అనుమానపడాలె గని, ఉంటె దవాఖాన ఎందుకమ్మా?" మేడం రావడం, ఖాళీ గదిలో కూర్చోవడం, అవ్వ చేతులు చూడడం, అవ్వ చాయ్ తాగడం, సాయంత్రం రైలెక్కడం. దవాఖాన నడిపే పెద్దసారు ఇదంతా గమనిస్తున్నాడు. ఆయన అప్పటికే పళ్ళ డాక్టరు కోసం ఒక పెద్ద కుర్చీ తెప్పించి, పెట్టడానికి గది లేక వరండాలో ప్లాస్టిక్ కవరు కూడా తియ్యకుండా ఉంచాడు. ఆ కుర్చీ మా గది తలుపుకేసి చూస్తున్నట్టుండేది.

"సిస్టర్, వచ్చే గురువారం గది నిండాలె" అన్నాడు పెద్దసారు. "నిండకపోతె మేడంకు నమస్తే చెప్పి, గా కుర్చీని లోపలికి తోలిస్త. నువ్వు మళ్ళ ఇంజక్షన్ల కాడికే."

నాకు అవ్వ వేళ్ళ మధ్య గ్లాసు కళ్ళముందు మెదిలింది. (అటు తిరిగి నిలబడే జనమూ మెదిలారు, అబద్ధమెందుకు.) మైకు బావ దగ్గరికి పరుగెత్తాను.

మైకు బావ మా మేనత్త కొడుకు. షేరింగ్ ఆటో నడుపుతాడు. ఆటో మీద ఒక మైకు కట్టుకుని చీరల సేల్ నుంచి తప్పిపోయిన మేక దాకా అన్నీ ఊరంతా చాటుతాడు. ఆయన కోసం నేను గ్రంథాలయంలో కూర్చుని, నిఘంటువు ముందు పెట్టుకుని ఒక ప్రకటన రాశాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అందరూ అనే 'కీళ్ళు' అనే మాట నాకు అప్పట్లో నచ్చేది కాదు. కీలు తలుపుకు కూడా ఉంటుంది, తలుపుకూ మనిషికీ ఒకే మాటా? 'సంధి' అనాలి. ఎముకా ఎముకా కలిసే చోటు సంధి. మేడంతో ఈ మాట అంటే ఆమె మొహం వెలిగిపోయి, "ఓ, సంధి!" అంది. వాళ్ళ మలయాళంలోనూ అదే మాటట. ఇంకేం, కేరళలో అర్థమైన మాట గోదావరిఖనిలో అర్థం కాదా అనుకున్నాను. అందుకని, 'సంధులయందు నొప్పి, వాపు, నీరు చేరుట, ఉదయమున బిగుసుకొనిపోవుట వంటి బాధలు గలవారు' అంటూ గుక్క తిప్పుకోకుండా రాశాను.

బావ చదివాడు. "సందులయందు…"

"సందులు కాదు బావా. సంధులు. ధ. వత్తు ఉంది చూడు. గుండెలోంచి రావాలి. ధ."

"దా."

"ధ!"

"దా… ఏందే మర్దలా, నన్ను రమ్మంటున్నవా?"

చాలాసేపు కష్టపడి వదిలేశాను. బావ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "నువ్వు రాసింది మొత్తం చదివేసరికి నా ఆటో రెండు సందులు దాటిపోతది. జర కుదించి చెప్త తియ్యి, ఫికర్ చెయ్యకు" అన్నాడు. (ఆ వాక్యంలోనే 'సందులు' అన్నాడు. విన్నాను. నా చెవికి తగల్లేదు.) ఆయన కుదించింది ఎట్లాగో నాకు తర్వాత తెలిసింది. నొప్పి, వాపు అనే రెండు మాటలు ఎట్లాగూ అందరికీ తెలిసినవే కదా అని తీసేసి, ఊరంతా తిరిగి ఇట్లా అరిచాడు. "అక్కలారా, అన్నలారా! మీ సందులల్ల నీళ్ళు నిలుస్తున్నయా? పొద్దుపొద్దున మీ సందులు బిగుసుకపోతున్నయా? హైదరాబాద్ నుంచి పెద్ద మేడం వస్తున్నది! మీ బాధ ఆమెనే స్వయంగ ఇంటది! గురువారం పొద్దున దవాఖాన కాడికి జల్ది రాండ్రి!"

గురువారం నేను వచ్చేసరికి గేటు నుంచి రోడ్డు దాకా జనం. రిటైరై, కంపెనీ క్వార్టర్లు ఖాళీ చేసి ఇళ్ళు కట్టుకున్నవాళ్ళ బస్తీలన్నీ అక్కడికే కదిలొచ్చాయి. బెంచీలు చాలక మెట్ల మీదా, వరండాలో నేల మీదా కూర్చున్నారు. గుంపులు గుంపులుగా కూర్చున్నారు, ఒక గుంపు ఇంకో గుంపును గుర్రుగా చూస్తోంది. రోగం తీవ్రతను బట్టి వాళ్ళే విడివిడిగా కూర్చున్నారేమోనని మెచ్చుకున్నాను. ఒకాయన చేతిలో పగిలిన సిమెంటు పైపు ముక్క ఉంది. పాపం, చేతికర్ర లేదు కాబోలు అనుకున్నాను. పెద్దసారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "శభాష్ సిస్టర్" అని పళ్ళ కుర్చీని వరండా చివరికి నెట్టించాడు. చాయ్ అవ్వ తీరిక లేకుండా గ్లాసులు అందిస్తోంది. నిఘంటువులోని ఒక్క మాట ఇంతమందిని కదిలించిందని నాకు కళ్ళు చెమర్చాయి.

మొదట టోపీ కాక వచ్చాడు. రిటైరైనా బాయిలో పెట్టుకున్న హెల్మెట్ బజారుకు పోయినా తియ్యడు కనుక ఆయనకా పేరు. స్టూలు మీద కూర్చుని, మేడంకు దండం పెట్టాడు. మేడం అడగమన్న ప్రశ్నను నేను పుస్తకం మాటలో అడిగి, ఆయన దగ్గరి మనిషిలా అనుకోవాలని చివర మా ఊరి మాట ఒకటి తగిలించాను. "కాకా, మీ సంధుల్లో ఈ బాధ ఎప్పటిసంది?"

"ఇల్లు కట్టుకున్నప్పటిసంది."

ఇల్లు కట్టేటప్పుడు రాళ్ళు మోసి ఉంటాడని నా సొంత వ్యాఖ్యానం చేర్చి మేడంకు చెప్పాను. ఆమె రాసుకుంది.

"పొద్దున సంధులు బిగుసుకుంటాయా?"

"బిగుసుకొనుడా! బడి ఆటోలొచ్చే యాళ్లకు సూడాలె నువ్వు. గంటసేపు కదలదు, మెదలదు."

మా దగ్గర జనం బాయి సైరనుతోనూ, బడి ఆటోలతోనూ వేళ చెబుతారని మేడంకు వివరించాను. గంటసేపు బిగుసుకుంటుందనగానే ఆమె ముందుకు వంగింది. వాతరోగానికి అంతకంటే పెద్ద గుర్తు లేదు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అడగమంది.

"మా తమ్మునికి నాకంటె ఎక్కువ. ఆయనది చివరాఖరుది గదా."

తమ్ముడు అందరికంటే చిన్నవాడని చెప్పాను. వంశపారంపర్యం అని మేడం గీత కింద గీత గీసింది.

"సంధుల్లో నీరు చేరుతుందా కాకా?"

"చేరుడేందమ్మా! మోకాళ్ళ దాక!"

మేడం వెంటనే ఆయన లుంగీ పైకి జరిపి రెండు మోకాళ్ళూ ఒత్తి చూసింది. ఒక పక్క ఒత్తింది, ఇంకో పక్క ఒత్తింది. కాక నావైపు అనుమానంగా చూశాడు. "బిడ్డా, మేడం నా మోకాలెందుకు పిసుకుతున్నది?"

"నీరెంత ఉందో చూస్తున్నారు."

"ఈడ కూసుండి నా మోకాలు పిసికితె ఏం తెలుస్తది? వచ్చి సూడాలె గని."

"ఇంటికి రావడం కుదరదు కాకా. నీరుంటే ఇక్కడే తీసేస్తారు" అని, ధైర్యం చెప్పడానికి సూది తీసి చూపించాను.

కాక సూదిని చూసి, నన్ను చూసి, హెల్మెట్ సర్దుకున్నాడు. "గీ సూదితోనా? మోటరు పెడితెనే తగ్గలే!"

మోటరు అనే మాట దగ్గర నేను మొదటిసారి తడబడ్డాను. మా వైద్య గ్రంథంలో మోటరు లేదు. మేడంకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తుండగానే, వెనక నిలబడ్డ ఒక అక్క ఓపిక పట్టలేక ముందుకొచ్చింది. "కాకా, జర జరుగు. మా దాంట్ల నీళ్ళు లేవు మేడం, మాకు చప్పుడే బాధ."

చప్పుడు! అరిగిన సంధి చప్పుడు చేస్తుందని నేను చదివాను. ఎలాంటి చప్పుడో అడగమంది మేడం. "ఎలా వస్తుందక్కా? కరకరా? పటపటా?"

"భౌ భౌ."

నేను మేడంకేసి తిరిగి, మళ్ళీ అక్కకేసి తిరిగాను.

"కుక్కలమ్మా" అంది అక్క. "పొద్దు గూకిందంటె గుంపులు గుంపులు చేరుతయి."

మేడం, ఏమంటోందామె అని అడిగింది. కుక్కలట అన్నాను. ఎక్కడ అంది. సంధుల్లో అన్నాను. మేడం ఆ అక్క మోకాళ్ళకేసి చాలాసేపు చూసింది.

టోపీ కాక మెల్లగా నావైపు తిరిగాడు. "ఆగు బిడ్డా. నువ్వు ఏ సందుల ముచ్చట అడుగుతున్నవ్?"

"ఒంట్లో ఉండేవి కాకా. మోచేయి, మోకాలు, మణికట్టు…"

"అవి కీళ్ళు గదనే!"

అని వరండాలోకి పోయి, బాయిలో అవతలి వాళ్ళకు వినబడేలా కేకేసిన గొంతుతో అరిచాడు. "ఓయ్! వీళ్ళు పిలిచింది సందుల కోసం కాదంట! మోకాళ్ళ కోసమంట!"

వరండా మొత్తం గొల్లుమంది. "మోకాళ్ళకేమైంది, మంచిగనే ఉన్నయి గద!" "మరి మైకుల చెప్పింది మోరీలు సాఫ్ చేయించే మేడమని కాదా?" "డ్యూటీ నాగా పెట్టొచ్చిన నేను!" పైపు ముక్క ఆయన, దాన్ని ఎవరికి ఇవ్వాలో తెలియక, నా చేతిలో పెట్టాడు. గోల విని పెద్దసారు వచ్చాడు. సంగతి అర్థమైంది. వరండా చివరికి చూసి, "గా కుర్చీ తేండ్రి" అన్నాడు. ఇద్దరు ఆయాలు పళ్ళ కుర్చీని కిర్రుకిర్రుమంటూ తోసుకొస్తున్నారు. గేటు దగ్గర చాయ్ అవ్వ కెటిల్ కింద పెట్టి, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నిలబడి చూస్తోంది. ఆమెకేసి చూడలేక నేను పైపు ముక్కకేసి చూశాను.

"లేవుండ్రి, పోదాం" అన్నాడు కాక.

అంతే. లేవమన్నాక లేవాలి కదా. లేవడం దగ్గర వచ్చింది చిక్కు. నేల మీద కూర్చున్న వాళ్ళు ఒక చెయ్యి నేలకు ఆనించారు, తర్వాత రెండోది, తర్వాత గోడ పట్టుకున్నారు. "అబ్బా" అని ఒకరు, "ఓ అవ్వా" అని ఒకరు. ఒకామెను ఆమెతో ఇందాకటి దాకా సందు గోడ గురించి కొట్లాడుతున్న ఆయనే చెయ్యిచ్చి లేపాడు, లేపలేక తనూ కూర్చుండిపోయాడు. మోకాళ్ళు మంచిగున్నాయన్న మనిషి మెట్టు దగ్గర ఆగి, కుడికాలు ముందా ఎడమకాలు ముందా అని లెక్కలు వేసుకుంటున్నాడు. కేకలేసిన టోపీ కాకే మెట్టు దిగడానికి ఆసరా దొరక్క, అటుగా వస్తున్న పళ్ళ కుర్చీ చెయ్యి పట్టుకుని వేలాడాడు. దాంతో కుర్చీ ఆగిపోయింది.

మేడం గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. చప్పున "ఆగండి!" అంది. తనకు తెలిసిన రెండు మాటల్లో అదొకటి. జనం మధ్యకు వెళ్ళి ఒకామె చేతివేళ్ళు పట్టుకుని ఒత్తింది, ఇంకొకాయన మణికట్టు, మరొకాయన చీలమండ. "ఈమె. ఆయన. ఆ మూలనున్నామె" అని ఇంగ్లీషులో చెబుతూ వేలితో చూపిస్తూ పోతోంది, నేను వెనక పరుగెత్తుతున్నాను. కాక దగ్గర ఆగింది. ఈసారి నిఘంటువు నాకు గుర్తు రాలేదు. మా అమ్మ ఎట్లా అడుగుతుందో అట్లా అడిగాను.

"కాకా, పొద్దున లేస్తె కీళ్ళు బిగుసుకుంటయా?"

"బిగుసుకుంటయ్."

"ఎంతసేపు?"

"ఎండ మంచిగ పడేదాక." కాక నా మొహం చూసి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అందరికి గట్లనే ఉంటది గదా బిడ్డా?"

"అందరికీ ఉండదు కాకా" అన్నాను.

కాక హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని, పళ్ళ కుర్చీలోనే కూర్చున్నాడు. ఆ రోజు మా గది నిండింది, గది బయటా నిండింది. తమ మోకాళ్ళ కోసం ఇంట్లోంచి కదలని మనుషులు తమ సందు కోసం అంత దూరం కుంటుకుంటూ వచ్చారు. పెద్దసారు వరుస మధ్యలో ఇరుక్కున్న కుర్చీని చూసి, "దీన్ని ఎవలు తెమ్మన్నరు?" అని ఆయాలను కోప్పడ్డాడు. సాయంత్రం చాయ్ అవ్వ మేడంకు స్వయంగా గ్లాసు తెచ్చింది, వేళ్ళతో పట్టుకునే. వరుస చివరి దాకా చూసి నా చెవిలో అంది. "ఆమె వాతం గింతమందికి అంటిందా బిడ్డా! ఎవలోగని, గట్టి మనిషే ఆమె."

టోపీ కాక మాత్రం వచ్చిన పని వదల్లేదు. మేడం మొదట రాసిన చీటీ మీద 'నీరు: మోకాళ్ళ వరకు, రెండు వైపులా' అని ఇంగ్లీషులో ఉంది, కింద దవాఖాన ముద్ర కూడా ఉంది. దాన్ని పట్టుకుని మోరీలు చూసే మున్సిపల్ ఆఫీసుకు పోయి, హైదరాబాద్ డాక్టరే రాసిచ్చిందని చూపించాడట. ఈసారి పెద్ద మోటరు వచ్చింది. నీళ్ళు పోయాయి. అది తన చికిత్సలో భాగమేనని ఆయన చాలా రోజులు వాదించాడు.

ఇప్పుడు మా దవాఖాన ముందు పొడవాటి పేరున్న బోర్డు ఉంది కానీ, ఆటోవాళ్ళు "సందుల దవాఖాన, సందుల దవాఖాన!" అనే పిలుస్తారు. అక్కడ నేనే పెద్ద సిస్టర్‌ను. లైబ్రరీకి ఇప్పటికీ పోతాను, ఫ్యాను కింద కుర్చీ ఇప్పటికీ దొరకదు. ఈ చలికాలం ఒకరోజు నిఘంటువులో పేజీ తిప్పబోతే చూపుడువేలు మడవలేదు. అందరికీ ఉంటుందిలే అనుకుని కొన్నాళ్ళు ఊరుకున్నాను. (అవును, నేనే.) చివరికి ఒక గురువారం, ఆఖరి పేషెంటు వెళ్ళాక, ఇన్నేళ్ళుగా అందరినీ కూర్చోబెట్టిన స్టూలు మీద నేను కూర్చున్నాను. మేడం జుట్టు నెరిసింది. తెలుగంతా మా పేషెంట్ల దగ్గరే నేర్చుకుంది.

"ఎప్పటిసంది సిస్టరమ్మా?" అంది నా వేలు పట్టుకుని.

"చలి మొదలైనప్పటిసంది."

"పొద్దున సందులు బిగుసుకుంటున్నయా?"

ద. వత్తు లేదు. కేరళ నుంచి తెచ్చుకున్న వత్తును కూడా మావాళ్ళు ఊడబెరికేశారు. నాలోపల ఎక్కడో, కిటికీ పక్కన, ఒక అమ్మాయి బొగ్గుపొడి పట్టిన పుస్తకం మూసి, "ధ!" అనడానికి లేవబోయింది. కూర్చో తల్లీ అన్నాను.

"బిగుసుకుంటున్నయ్ మేడం" అన్నాను. "కుక్కలు మాత్రం లేవు."